పది బారల దూరం

మా కాలంలో మొగుడూ పెళ్ళాలు కలిసి నడిచేవారు కాదు. ఒకే ఊరికి, ఒకే దారిన, ఒకే పూట బయలుదేరేవారు. కాని మొగుడు ముందు, పెళ్ళాం వెనక, మధ్యలో పది బారల దూరం. ఆ సందులోంచి ఒక ఎద్దుల బండి అడ్డంగా పోయినా ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు.

పెళ్ళయిన పదహారేళ్ళలో మా ఆయన మొహం కంటే ఆయన వీపునే నేను ఎక్కువ చూశాను. తిరణాల గుంపులో వంద వీపులున్నా మా ఆయన వీపు ఏదో చటుక్కున చెప్పగలిగేదాన్ని. మొహమైతే కాస్త ఆలోచించాలి.

ఆయన పేరు పున్నయ్య. కారంపూడి మిషను బడిలో మాస్టరు. ఊరికి పాత వీరుల కథలు ఎన్నో ఉన్నాయి కాబట్టి గుడి చూడడానికి, రాళ్ళు చూడడానికి ఎవరో ఒకరు వస్తుండేవారు. వచ్చిన వాళ్ళకి ఊరు చూపించడం ఆయనకి సరదా. నా పేరు ఎస్తేరు. నాకు సరదాలు లేవు, గుండెదడ ఉంది.

ఆ దడ ఎందుకో చెబుతాను. నాకు ఆరేళ్ళప్పుడు మా నాయన బియ్యం మిల్లులో పనికని బర్మా దేశం రంగం వెళ్ళాడు. "పోయొస్తా" అన్నాడు. పోయాడు. యుద్ధం వచ్చాక మా తమ్ముడు పటాలంలో చేరాడు. వాడూ అదే మాట అన్నాడు. యుద్ధం ముగిసి ఏడాదైనా వాడి కబురు లేదు. పిల్లలిద్దరూ నరసరావుపేట బోర్డింగులో ఉన్నారు. అందుకని ఇంట్లోంచి ఎవరు కాలు బయట పెట్టినా నా గుండె వాళ్ళ కంటే ముందు పరిగెత్తేది.

దానికి తోడు నేను చదువు నేర్చుకున్నాను. బడికి పోలేదు. మిషను గుళ్ళో పాటల పుస్తకం పట్టుకుని, పాడే పాటకీ కనిపించే అక్షరానికీ జత కలుపుకుంటూ నేర్చుకున్నాను. తర్వాత కనిపించిన కాగితమల్లా చదివాను. కొట్టు నుంచి బెల్లం చుట్టుకొచ్చిన కాగితాల్లో కథలు ఉండేవి. ప్రతి కథలోనూ మొగుడు ఎవరో అందగత్తెతో వెళ్ళిపోయేవాడు, పెళ్ళాం ఏడుస్తూ ఉండేది. అక్కడితో కాగితం చిరిగిపోయేది. వాడు తిరిగొచ్చిన ముక్క ఇంకెవరింటికో పప్పుతో పాటు వెళ్ళిపోయి ఉంటుంది. నాకు మటుకు ఏ మొగుడూ తిరిగి రాలేదు.

ఆ ఏడు మిషను ఆస్పత్రికి గుంటూరు నుంచి ప్రేమమ్మ అనే నర్సు వచ్చింది. పాతికేళ్ళు. తెల్ల చీర, రొమ్ము మీద పిన్నీసుకి వేలాడే గడియారం, కాళ్ళకి కాన్వాసు బూట్లు. ఊళ్ళో బూట్లు వేసుకున్న ఆడమనిషి ఆమె ఒక్కతే. నేను వారానికి రెండుసార్లు వెళ్ళి నా దడ గురించి చెప్పుకునేదాన్ని. పాత నర్సు ఓపిగ్గా ఎర్రనీళ్ళ సీసా ఇచ్చేది. ప్రేమమ్మ సీసా ఇవ్వలేదు.

"మీ గుండెకి జబ్బు లేదు ఎస్తేరమ్మా. దిగులు. ఇంట్లో కూర్చుంటే పెరుగుద్ది. పొద్దున్నే రెండు మైళ్ళు నడవండి."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు. ఊరికే."

"ఊరికే తిరిగేదానికి నేనేమన్నా తప్పిపోయిన బర్రెనా?" అని వచ్చేశాను.

ఈ సంగతి మా ఆయన చెవిన పడింది. ఆ వారమంతా నా వెంట పడ్డాడు.

"రావే, కాలవ గట్టు మీద అట్టా పోయొద్దాం."

"నీ గట్టు నువ్వు తొక్కు. ఇంట్లో పని ఎవరు చేస్తారు?"

"బంగళా తోటకన్నా రా. పూలున్నయ్యి."

"చూసి ఏం చెయ్యాల? కూర వండాల్నా?"

మూడుసార్లు పిలిచాడు. మూడుసార్లు కసిరాను. నాలుగోసారి పిలవలేదు. మర్నాడు పొద్దున్నే గొడుగు తీసుకుని తనొక్కడే బయలుదేరాడు.

పోతే పోనీ అనుకున్నాను. కాని మూడోనాడు తలకి నూనె రాశాడు. నాలుగోనాడు ఆదివారం చొక్కా తొడిగాడు, ఆ రోజు గురువారం! యుద్ధం దెబ్బకి బట్ట దొరకని రోజులు. ఆ చొక్కాని ప్రభువుకి తప్ప ఎవరికీ చూపించేవాళ్ళం కాదు.

అయిదోనాడు నేను బట్టలుతకడానికి కాలవకి వెళ్ళాను. నాగులేటి నీళ్ళు మాగాణికి మళ్ళించిన చిన్న కాలవ అది. గట్టు మీద ఒండ్రు మెత్తగా ఉంది. ఆ ఒండ్రులో మా ఆయన చెప్పుల అచ్చులు కనిపించాయి. మడమ దగ్గర నేనే కొట్టించిన మేకు గుర్తుతో సహా. ఆ అచ్చుల పక్కన, ముందు కాదు, వెనక కాదు, సరిగ్గా పక్కన కాన్వాసు బూట్ల అచ్చులు!

మూడు చెలకల దూరం ఆ అచ్చుల వెంట వెళ్ళాను. ఎక్కడా ఒక అడుగు ఎక్కువ తక్కువ లేదు. ఒక రాయి దగ్గర ఇద్దరూ ఆగారు. మళ్ళీ పక్కపక్కనే నడిచారు. పైగా నెమ్మదిగా! అడుగుకీ అడుగుకీ మధ్య జానెడు కూడా లేదు. నా ముందు నడిచేటప్పుడు ఆ మనిషి ఒక్కో అంగకి ఒక్కో ఊరు దాటేవాడు.

బట్టలు ఉతికానో చింపానో నాకు తెలియదు. ఇంటికొచ్చి కాచుకుని కూర్చున్నాను.

"ఏందయ్యా, గట్టు మీద గాలి ఎట్టా ఉంది?"

"చానా బాగుందే."

"ఒంటిగాలా, జంటగాలా?"

ఆయన చెప్పులు విడుస్తూ ఆగాడు. "నర్సమ్మకి ఊరు కొత్త గందా. దారులు చూపిస్తన్నా."

"చూపించేదానికి పక్కన నడవాల్నా? ముందు నడిస్తే ఆమెకి దారి కనపడదా?"

"పక్కన నడిస్తే మాట వినపడుద్దని..."

"మరి పదహారేళ్ళుగా నా మాట వినపడకపోయినా పర్లేదనుకున్నావా?"

"నువ్వు పది బారల అవతల నుంచి గూడా చానా బాగా వినపడతావే," అన్నాడు.

ఆ రాత్రి ఆయన కంచంలో ఉప్పు లేదు. ఆయన అడగలేదు. అడగనందుకు ఇంకా మండింది. మనసు ఎక్కడో ఉన్న మనిషికే ఉప్పు సంగతి తెలియదు.

ఇక లాభం లేదని వేగు పెట్టాను. మా పెరటి గోడ అవతల హన్నమ్మ ఉండేది. ఆమె కన్ను పడని పొయ్యి, చెవి ఆనని గోడ ఊళ్ళో లేదు. జాడీడు గోంగూర పచ్చడి ఇస్తానని ఒప్పుకుని, కాలవ గట్టు మీద గడ్డి కోసే నెపంతో వాళ్ళ వెంట పంపించాను.

"ఏం చూశావే?" అన్నాను తిరిగి రాగానే.

"కొంగలు చూశా ఎస్తేరక్కా! ఎన్ని కొంగలో! పుట్టి బుద్దెరిగి నేను ఆ కాలవ మీదనే తిరిగినా, తల ఎత్తి చూసింది ఇయ్యాలే."

"కొంగలతో నాకేం పని! ఆయన ఏం చేశాడు?"

"ఒక వీరుడి రాయి చూపించి ఆ కథ చెప్పాడక్కా. తల్లికి చెప్పి యుద్ధానికి పోయిన పిల్లోడి కథ. ఎంత ఏడుపొచ్చిందో!"

"అప్పుడు ఆ నర్సు ఎక్కడుంది?"

"నా పక్కనే. ఆమె గూడా ఏడుస్తానే ఉంది."

"మా ఆయన?"

"ఆయనా ఏడిచాడు. ముగ్గురం ఏడిచి, మొకాలు కడుక్కుని వచ్చాం. రేపు గూడా పోతన్నా. పచ్చడేమీ వద్దులే."

కూలి వద్దన్న వేగు ఎవరి పక్షమో నాకు తెలియదా? గడ్డి కోయను తీసుకెళ్ళిన కొడవలి కూడా మర్చిపోయి గట్టు మీదే వదిలేసి వచ్చింది.

రెండో వేగుగా గట్టి మనిషిని ఎంచుకున్నాను. మా ఆయన అక్క గ్రేసమ్మ వదిన. పక్క వీధిలో ఉండేది. ఆమె నవ్వగా చూసినవాళ్ళు ఊళ్ళో ఇద్దరే. ఆ ఇద్దరూ చూశామని ఒట్టు పెట్టుకోలేరు. నన్ను ఏనాడూ మెచ్చుకోలేదు కాని, తమ్ముడు తప్పు చేస్తే మటుకు ఊరుకోదు. ప్రయాణికుల బంగళా తోటలో నడక ఉన్న రోజున వెనకే పంపించాను.

పొద్దెక్కి చాలాసేపటికి వచ్చింది. కొప్పులో గులాబీ పువ్వు! యాభై అయిదేళ్ళ మనిషి, గుళ్ళో పాటకి కూడా తల ఊపని మనిషి!

"వదినా, ఆ పువ్వేంది?"

"తోటమాలి ఇచ్చాడు. వద్దంటే ఏడ్చేట్టు ఉన్నాడు. ఏమే ఎస్తేరూ, ఆడ ఒక బెంచీ ఉందే. వీపు ఆనించుకునేదానికి చెక్క ఉందే దానికి! ఇన్నేళ్ళలో నా వీపుని ఆనుకోమన్నవాళ్ళు ఎవురే? గంట సేపు ఆనుకున్నా."

"వాళ్ళిద్దరూ ఏం చేశారు?"

"ఎవురు?" అంది వదిన.

నా నెత్తిన నేనే కొట్టుకున్నాను. వదిన వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది. "నా తమ్ముడికి ఏ రోగమూ లేదు. నీకే పని లేదు. రేపు అడివి నడకంట. నాకు మోకాళ్ళు పట్టుకున్నయ్యి, హన్నమ్మకి మిరపకోతలు. వాళ్ళిద్దరే పోతారులే."

వాళ్ళిద్దరే! అడవికి! ఆ మాట విన్నాక నా గుండె దడదడ కాదు, దండోరా వేసింది. నేను చదివిన బెల్లం కాగితాల్లో సగం మంది మొగుళ్ళు అడవి దారినే పోయారు.

తెల్లారింది. ఇక నేనే వెళ్ళాలి. కాని మాస్టరు పెళ్ళాం మొగుడి వెనక పొదల్లో నక్కుతూ పోతే ఊరు ఏమంటుంది? అందుకని సందు చివర ఖైరున్నీసా ఇంటికి వెళ్ళాను.

"ఒక్కపూట నీ బురఖా ఇవ్వవే."

"ఎందుకక్కా?"

"చలిగా ఉంది."

ఆమె బయట ఎండని చూసింది, నా మొహం చూసింది, మంచిది గనక ఇంకేమీ అడగలేదు. "మోకాలి కాడ మాసిక వేశా, చిరగనీయొద్దు," అని మాత్రం అంది. నల్ల గుడ్డ దొరక్క ఖాకీ గుడ్డతో వేసిన మాసిక అది. ఆ ఖాకీ ఎవరిదో ఆలోచించే తీరిక నాకు లేకపోయింది.

అడవి దారి ఊరి చివర మొదలై మెల్లగా ఎత్తుకి పోయి ఒక ఊట దగ్గర ఆగుతుంది. ముందు మా ఆయన, పక్కన ప్రేమమ్మ. వెనక, చెట్టు నుంచి చెట్టుకి, నేను. వాళ్ళు ఆగితే ఆగాను. నడిస్తే నడిచాను. ముసుగులో చెమట కారుతోంది.

ఒక విడ్డూరం చూశాను. దారికి అడ్డంగా ముళ్ళకంప ఉంది. ఇద్దరూ దాన్ని దాటిపోయారు. దాటాక మా ఆయన వెనక్కి వంగి గొడుగు కొక్కెంతో ఆ కంపని దారిలోంచి పక్కకి లాగాడు. దాటకముందు లాగితే అర్థం ఉంది. దాటాక ఎందుకు? వలపు తలకెక్కితే మగవాడికి ముందూ వెనకా తెలియదనుకున్నాను.

అంతలో పక్క నుంచి ఒక గొంతు వినిపించింది. "ఎవరది?"

అడవి గార్డు మహబూబ్. ఖైరున్నీసా మొగుడు. అతని చూపు బురఖా మీద నుంచి దిగుతూ దిగుతూ మోకాలి దగ్గరికి వచ్చి, తన పాత ఖాకీ నిక్కరు ముక్క మీద ఆగిపోయింది.

"ఖైరూ! నువ్వా! మాస్టరు వెనక ఈడేం చేస్తన్నావ్?"

నోరు తెరిస్తే నేను ఎస్తేరునని తెలిసిపోతుంది. తెరవకపోతే ఖైరున్నీసా కాపురం కూలిపోతుంది. తల అడ్డంగా ఊపాను. అది అతనికి "నీకెందుకు?" అన్నట్టు కనిపించిందేమో, ఈల తీసి ఊదాడు.

నేను పరిగెత్తాను.

అతను ఈల ఊదుతూ నా వెనక పరిగెత్తాడు. ఆ ఈలకి అడవిలో దొంగతనంగా కట్టెలు కొడుతున్నవాళ్ళంతా తమ కోసమే వచ్చారనుకుని మోపులు పారేసి పరిగెత్తారు. వాళ్ళని చూసి మేకలు పరిగెత్తాయి. మేకల వెనక వాటి కాపరి పరిగెత్తాడు. ఆ ఎక్కుడు దారిలో అందరికంటే ముందు నల్లగా నేను!

మా ఆయన్నీ ప్రేమమ్మనీ దాటేశాను. పదహారేళ్ళలో మొదటిసారి ఆయన కంటే ముందుకు పోయాను. ఇక ఆయన వీపు ఎక్కడుందో చూసే వీలు లేదు. ముసుగులోంచి ఏదీ కనపడక తిన్నగా వెళ్ళి ఊటలో పడ్డాను. మోకాళ్ళ లోతు నీళ్ళు.

నా చుట్టూ మహబూబ్, మా ఆయన, ప్రేమమ్మ, పదిహేను మేకలు చేరాయి.

"మహబూబూ, ఆ ఈల ఆపు," అన్నాడు మా ఆయన. "ఆమె మా ఎస్తేరు."

"మొకం కనపడందే ఎట్టా తెలిసింది మాస్టారూ?"

"ఊరి చివర కాడి నుంచి వెనక అడుగుల చప్పుడు వింటన్నా. నేను ఆగితే ఆగిద్ది, నడిస్తే నడుస్తది. మధ్యలో పది బారలు, బారెడు ఎక్కువ లేదు, బారెడు తక్కువ లేదు. వేరే మనిషైతే దూరమన్నా ఉంటది, దగ్గరికన్నా వస్తది. ఆ కొలత పెళ్ళానిదేనయ్యా."

మహబూబ్ ఈల జేబులో వేసుకున్నాడు. "నిజమేలే మాస్టారూ. మా ఖైరూ అయితే నా ఈలకి ఆగి తిరిగి నిలబడేది. అప్పుడు పరిగెత్తాల్సింది నేను." అని టోపీ సర్దుకుని కట్టెమోపుల వైపు వెళ్ళిపోయాడు.

ముసుగు ఎత్తక తప్పలేదు. ప్రేమమ్మ నీళ్ళలోకి దిగి నా మణికట్టు పట్టుకుని గడియారం చూసింది.

"దడగా ఉందా?"

"ఉంది," అన్నాను పట్టుదలగా.

"ఎత్తు దారిలో ఇంత దూరం పరిగెత్తారు, పడిపోలేదు. ఎద్దు గుండె మీది. మీకు ఎర్రనీళ్ళ సీసా జన్మలో ఇవ్వను."

మా ఆయన జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి నా చేతికిచ్చాడు. చదివాను. 'కాలవ గట్టు. ఎక్కుడు లేదు. ఎస్తేరు కూర్చోవడానికి రెండు రాళ్ళు వేయించాను. బంగళా తోట. ఎస్తేరుకి దగ్గర దారి. బెంచీ ఉంది. అడవి దారి. నెమ్మదిగా పోతే ఎస్తేరుకి ఆయాసం రాదని నర్సమ్మ చెప్పింది. ముళ్ళు తీయాలి.'

"నువ్వు తట్టుకునే దారి ఏదో, ఎంత నెమ్మదిగా నడవాల్నో చూపించమని నర్సమ్మని తీసకపోయా," అన్నాడు. "పిలిస్తే రాలేదు నువ్వు. పిలవకపోతే ఇంట్లో ఉండలేవని నాకు తెలుసు. రెండో రోజే వస్తావనుకున్నా. హన్నమ్మని పంపితివి, అక్కని పంపితివి. వాళ్ళ దిగులు పోయిందిగాని నీది పోలా."

"ఆదివారం చొక్కా ఎందుకు తొడిగావు మరి?"

"అది తొడిగితేనన్నా లేచొస్తావని."

నాకు కోపం రావాలి. కాని ఏడుపొచ్చింది. "నువ్వు పోతావనుకున్నా," అన్నాను.

"యాడికి?"

"ఏమో. మా నాయన పోయినట్టు."

ఆయన గొడుగు కొక్కెం నా వైపు చాచి, "నేను పోయేది రెండు మైళ్ళేనే," అన్నాడు. ఆ కొక్కెం పట్టుకుని ఒడ్డెక్కాను.

తిరుగుదారిలో ప్రేమమ్మ నన్ను ఆయన పక్కన నిలబెట్టి, "ఇట్లా నడవండి," అని ఆస్పత్రికి వేరే దారిన వెళ్ళిపోయింది. అడవిలో ఎలాగో నడిచాను. ఊరు కనిపించగానే సిగ్గుతో చచ్చి ముసుగు కిందికి దించేశాను. మొహం ఎవరికీ కనపడదు కదా అని ధైర్యంగా, ఆయన భుజానికి నా భుజం తగిలేలా, నడి బజారులో నడిచాను. ఎంత బాగుందో!

ఆ వేషంలో మేము ఎలా కనిపిస్తున్నామో ఇద్దరికీ తోచలేదు. గ్రేసమ్మ వదినకి తోచింది. చీపురు పట్టుకుని బజారుకి అడ్డంగా నిలబడింది.

"ఒరేయ్ పున్నయ్యా! ఎవర్తెరా ఇది? ఎస్తేరు నీమీదే పానం పెట్టుకుని బతుకుతా ఉంటే నీకు పక్కన నడిచేదానికి ఇంకొకర్తె కావాల్సొచ్చిందా? బంగారం లాంటి పిల్లరా అది! నువ్వు తెచ్చే జీతంతో ఇల్లు నెగ్గుకొచ్చేది ఊళ్ళో ఇంకెవరన్నా ఉన్నారంట్రా? దాని చేతి కూర తిన్న నోరు నీకు..."

"ముసుగు తియ్యవే," అన్నాడు మా ఆయన మెల్లగా. "చీపురు వస్తా ఉంది."

"కాసేపు ఆగవయ్యా," అన్నాను. "ఇట్టాంటి మాటలు ఆమె నోట ఎప్పుడన్నా విన్నానా?"

రెండు దెబ్బలు ఆయన తిన్నాడు. మూడోది నా వైపు రావడంతో ముసుగు ఎత్తాను. వదిన నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. బజారంతా నవ్వింది. మాస్టరు పెళ్ళాం మొగుడి పక్కన పట్టపగలు నడుస్తుండగా ఊరంతా చూసింది. అప్పుడు గాని వదిన తేరుకుని, "నిన్ను గాదులే నేను పొగిడింది," అనేసి లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున దుప్పటి ముసుగు తన్ని పడుకున్నాను. ఇంత నగుబాటయ్యాక నేను నడవడం కల్ల అనుకున్నాను.

"లేవవే," అన్నాడాయన.

"రాను."

"సరే, పడుకో. ప్రేమమ్మని పిలుస్తా."

"ఆమెకి ఆస్పత్రి పని లేదా ఏంది?" అని అడిగాను.

ఆ మాట మంచం మీద నుంచి అడగలేదు. అప్పటికే వాకిట్లో ఉన్నాను. ఆయన ఇంకా లోపల చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ, గోడ వైపు తిరిగి నవ్వుకుంటున్నాడు.

"కానీవయ్యా," అన్నాను. "ఎండెక్కుద్ది."